మస్టరు చేతికిచ్చి చూడండి

ఏ సభకు పోయినా యువతను మెచ్చుకునే మాటలకు కొదవ ఉండదు. యువతే రేపటి దేశం అంటారు, యువత ముందుకు రావాలంటారు. ముందుకు వచ్చినవాళ్లను ఎక్కడ కూచోబెట్టాలి, వాళ్ల చేతికి ఏ కాగితం ఇవ్వాలి, వాళ్లు అడిగినదానికి ఎవరు బదులు చెప్పాలి అన్న దగ్గర మాత్రం మాట ఆగిపోతుంది. అది ఆగిన చోటు నుంచి మొదలుపెడదామని ఈ సంవాదం రాస్తున్నాను. ఇందులో మాట్లాడేది ఇద్దరు. అనంతపురం జిల్లాలో ఒక ఊరికి సర్పంచిగా పనిచేసి దిగిపోయిన పెద్దమనిషి ఒకరు. ఆయన అన్న కూతురు, డిగ్రీ అయ్యాక ఉపాధి హామీ సామాజిక తనిఖీలో పనిచేసిన అమ్మాయి ఇంకొకరు. ఇద్దరినీ నేనే కల్పించాను. వాళ్లు ప్రస్తావించే చట్టాలు, సంవత్సరాలు, జరిగిన సంగతులు కల్పన కావు. నా మొగ్గు అమ్మాయి వైపే. అయితే చిన్నాయన అడిగే ప్రశ్నలు తేలిగ్గా కొట్టిపారేసేవి కావు. అందుకే ఆయనకు కావలసినంత చోటు ఇచ్చాను.

చిన్నాయన: యువజన సదస్సుకు పోయొచ్చినావంట. ఏం తేల్చినారమ్మా?

అమ్మాయి: ఏమీ తేల్చలేదు చిన్నాయనా. తేల్చే అధికారం అక్కడ ఎవరికీ లేదు. ఒకరిని స్పీకరుగా, ఒకరిని ప్రతిపక్ష నాయకుడిగా కూచోబెట్టి ఉత్తుత్తి పార్లమెంటు నడిపించినారు. సాయంత్రం సర్టిఫికెట్లు చేతిలో పెట్టి బస్సెక్కించినారు. కాలేజీ టైముకు బస్సు లేదని, ఆడపిల్లల హాస్టల్లో నీళ్లు రావని మేం చెప్పిన మాటలు ఒక్కరూ రాసుకోలేదు.

చిన్నాయన: నలుగురిలో మాట్లాడటం వస్తుంది కదా, అది చాలదా? మీకు ఇయ్యాల్సింది ఇచ్చేసినారమ్మా. నా కాలంలో ఓటుకు 21 నిండాల్సిందే. 61వ రాజ్యాంగ సవరణతో 1989 మార్చి నుంచి 18కి దించినారు. ఆ ఓటునే మీవాళ్లు రాయించుకోరు. 2024 లోక్‌సభ ఎన్నికలప్పుడు 18, 19 ఏళ్లవాళ్లు దేశమంతటా కలిపి జాబితాలో ఎక్కింది 1.8 కోట్ల మంది. ఆ ఈడువాళ్లలో అది సగం కూడా కాదు. ఇప్పుడు ఏడాదికి నాలుగు తేదీలు పెట్టినారు: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. 17 దాటితే చాలు, ఫారం 6 ముందుగానే ఇచ్చుకోవచ్చు. ఇంత చేసినా రాని పిల్లోళ్లను ఇంకే నిర్ణయాల్లో కూచోబెట్టమంటావు?

అమ్మాయి: రాయించుకోకపోవడం తప్పే, కాదనను. దాంట్లో ఒక సంగతి ఉంది. ఇంటరుకే ఊరు దాటిపోతాం. తిరుపతిలోనో హైదరాబాదులోనో హాస్టల్లో ఉంటాం. ఉంటున్న చోటే పేరు ఎక్కించుకోవచ్చని మాలో చాలామందికి తెలియదు. సరే, తెలుసుకుని ఎక్కించుకున్నామే అనుకో. ఐదేళ్లకు ఒకసారి వేలికి సిరా. నడుమ ఐదేళ్లూ?

చిన్నాయన: నడుమ గ్రామసభ లేదా? 73వ సవరణ వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. ఓటరు జాబితాలో పేరున్న ప్రతివాడూ సభ్యుడే. 2024 ఆగస్టు 23న మన రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకేరోజు సభలు పెట్టినారు. పోయినావా నువ్వు?

అమ్మాయి: పోయినా. పనుల జాబితా చదివినారు. మట్టి రోడ్లు, పశువుల తొట్లు, పంట కుంటలు. చదవడం అయ్యాక చేతులెత్తమన్నారు, ఎత్తినాం. ఎస్సీ కాలనీ పిల్లోడొకడు లేచి, మా కాలువ పని పోయిన జాబితాలో కూడా ఉందే, అది ఏమైందని అడిగినాడు. చూస్తాం అన్నారు. ఆ ప్రశ్న మినిట్స్ పుస్తకంలో లేదు. నేను తర్వాత పోయి చూసినా. తీర్మానాలు ఉన్నాయి, సంతకాలు ఉన్నాయి, అడిగినవాడు లేడు.

చిన్నాయన: ప్రతి ప్రశ్నా రాస్తూ కూచుంటే సభ పొద్దుగూకినా అయిపోదు.

అమ్మాయి: పొద్దుగూకనీ. ఒకసారి అడిగి, మంచిది చూస్తామనిపించుకున్నోడు రెండోసారి రాడు. ఇరవై ఏళ్లవాళ్లు సభలకు రావడం లేదని మీరంటారు. వచ్చినప్పుడు ఏం జరిగిందో చూడరు.

చిన్నాయన: నా బాధ నువ్వు ఒక్కసారి విను. యువకులను ముందుకు తోసిన ప్రతిసారీ దెబ్బ తిన్నది యువకులే. 1966లో విశాఖ ఉక్కు కోసం వీధుల్లోకి వచ్చింది ఎవరు? విద్యార్థులు. తుపాకీ దెబ్బలకు పడిపోయినవాళ్లలో వాళ్లున్నారు. 1969లో తెలంగాణ కోసం, 1972లో జై ఆంధ్ర కోసం చదువులు వదిలేసింది ఎవరు? ఆ పిల్లోళ్లే. ఉద్యమం చల్లారినాక నాయకులకు పదవులు వచ్చినాయి. పిల్లోళ్లకు ఏడాది చదువు పోయింది, కొందరికి ప్రాణమే పోయింది. మన జిల్లా సంగతి నీకు చెప్పనక్కర లేదు. ఇక్కడ పడుచు పిల్లోడికి రాజకీయం అంటే పెద్దాయన జీపు వెనక తిరగడం. అందులోంచి ఎంతమంది ఇంటికి రాలేదో నాకు తెలుసు. భాగస్వామ్యం అనే మాట వింటే నాకు ఆ ముఖాలు గుర్తుకొస్తాయి.

అమ్మాయి: నువ్వు చెప్పినవన్నీ నిజం. అయితే ఒకటి చూడు. ఆ ఉద్యమాలన్నిటిలో పిల్లలు వీధిలో ఉన్నారు, ఒప్పందాలు రాసుకున్న గదిలో లేరు. గదిలో కుర్చీ లేనోళ్లే వీధిలో ఎక్కువ దెబ్బలు తిన్నారు. నేను అడిగేది ఆ కుర్చీ. నిజానికి కుర్చీ కూడా కాదు, లెక్కల పుస్తకం.

చిన్నాయన: లెక్కల పుస్తకం అంటే మళ్లీ నీ తనిఖీల సంగతికి వస్తున్నావు.

అమ్మాయి: వస్తాను, నాకు తెలిసింది అదే. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకాన్ని మన జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో మొదలుపెట్టినారు. పనులన్నిటినీ గ్రామసభ సామాజిక తనిఖీ చేయాలని ఆ చట్టంలో 17వ సెక్షను చెప్పింది. జనం నడుమ లెక్కలు గట్టిగా చదివి నిజమా కాదా అని అడిగే పద్ధతి రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్లది. దాన్ని ఒక రాష్ట్ర ప్రభుత్వం తనంతట తాను మీదేసుకుని మండలం తర్వాత మండలం నడిపింది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో. 2009లో అందుకోసం వేరే సొసైటీ కూడా పెట్టినారు. ఊరూరా తిరిగి తనిఖీ చేసింది చార్టర్డ్ అకౌంటెంట్లు కారు చిన్నాయనా. కూలికి పోయే ఇండ్లలో పుట్టి పదో, ఇంటరో చదివిన పిల్లలు.

చిన్నాయన: మా పంచాయతీకీ వచ్చినారు కదా. బడిలో పండుకున్నారు, కూలోళ్ల ఇండ్లలో తిన్నారు. మా ఇంటికి భోజనానికి రమ్మంటే రాలేదు. ఊరి సర్పంచి పిలిస్తే రారా అని ఆ పొద్దు నాకు కోపమొచ్చింది.

అమ్మాయి: రాకూడదు. నీ హయాంలో జరిగిన పనుల లెక్క చూడటానికి వచ్చి నీ ఇంట్లో ఎట్లా తింటారు? నేను పనిచేసినప్పుడు కూడా అంతే. మా సొంత ఊరు మాకు ఇచ్చేవాళ్లు కాదు. మండలాఫీసులో కూలీల హాజరు రాసే మస్టర్ రోళ్లు, పనుల కొలతలు రాసే ఎం-బుక్కులు, పే స్లిప్పులు తీసుకుని ఇంటింటికీ పోయేవాళ్లం. మస్టరులో ఉన్న పేరు పట్టుకుని, అవ్వా, ఈ వారం ఆరు రోజులు కుంట పనికి పోయినావని రాసుంది, పోయినావా అని అడగాలి. ఆ వారం నేను కూతురు కాన్పుకు పోయినా కదమ్మా అంటుంది ఆమె. అది రాసుకోవాలి, వేలిముద్ర తీసుకోవాలి. చచ్చిపోయినవాళ్ల పేర్లు వచ్చేవి. పట్నంలో చదువుకుంటున్న పిల్లల పేర్లు వచ్చేవి. తర్వాత టేపు పట్టుకుని కుంట కాడికి పోయి పొడవు, వెడల్పు, లోతు కొలిచి ఎం-బుక్కులో ఉన్నదానితో సరిచూడాలి. ఎం-బుక్కు ఎట్లా చదవాలో నాకు కాలేజీలో ఎవరూ నేర్పలేదు. ఆ శిక్షణలో నేర్చుకున్నా.

చిన్నాయన: నేర్చుకుని?

అమ్మాయి: చివరి రోజు మండల కేంద్రంలో ప్రజావేదిక. షామియానా కింద ఎంపీడీవో, ఏపీవో, టెక్నికల్ అసిస్టెంట్లు, ఫీల్డ్ అసిస్టెంట్లు, ఎదురుగా కూలీలు. మైకులో మనం ఊరు పేరు, పని పేరు, మొత్తం చదవాలి. ఎవరి మీద చదువుతున్నామో ఆయన అక్కడే ఉంటాడు, బదులు చెప్పాలి. కూలి చేసుకునే ఆమె లేచి నిలబడి, నా పేరు మీద డబ్బులు ఎవరు తీసుకున్నారని అడుగుతుంది. ప్రిసైడింగ్ అధికారి అప్పటికప్పుడు రాసుకుంటాడు. ఇరవై ఏళ్ల పిల్ల చేతిలో కాగితం ఉంది కాబట్టి ఒక అధికారి లేచి నిలబడి జవాబు చెప్పినాడు. ఉత్తుత్తి పార్లమెంటుకూ దీనికీ తేడా నాకు అక్కడ తెలిసింది.

చిన్నాయన: బాగా చెప్పినావు. ఇప్పుడు నేను అడుగుతా. ఆ వేదికల మీద తేలిన డబ్బులో తిరిగి వసూలైంది ఎంత?

అమ్మాయి: కొంచెమే.

చిన్నాయన: కొంచెం కూడా కాదు, చాలా తక్కువ. తీసేసిన ఫీల్డ్ అసిస్టెంటు కొన్నాళ్లకు మళ్లీ కనబడినాడు. పెద్దోళ్ల మీద కేసు కట్టింది చాలా అరుదు. మీ చేత మైకులో చదివించినారు, ఊళ్లో మీకు పగలు మిగిల్చినారు, అక్కడితో ఆపేసినారు. ఇది న్యాయమా ఆ పిల్లోళ్లకు?

ఇక్కడ ఒక్క మాట నేను కలగజేసుకుని చెప్పాలి. చిన్నాయన అన్నదానికి పరిశోధన సాక్ష్యం కూడా ఉంది. ఫర్జానా అఫ్రిది, వేగార్డ్ ఇవర్సన్ అనే ఆర్థికవేత్తలు ఆంధ్రప్రదేశ్ తనిఖీ నివేదికలనే తీసుకుని అధ్యయనం చేశారు. తనిఖీలు మళ్లీ మళ్లీ జరిగినా అక్రమాలు మొత్తంగా తగ్గలేదని, సులువుగా దొరికే రకం నుంచి పట్టుకోవడం కష్టమైన రకానికి, ముఖ్యంగా సామగ్రి లెక్కల వైపుకు జరిగాయని తేల్చారు. దొంగ పేరు మస్టరులో ఉంటే ఇంటింటికీ తిరిగే అమ్మాయి పట్టుకుంటుంది. సిమెంటు బిల్లులో ఉన్నది పట్టుకోవాలంటే ఆమెకు వేరే శిక్షణ కావాలి, ఆమె పట్టుకున్నదాని మీద పై అధికారి చర్య తీసుకోవాలి. ఆ రెండోది జరగకపోతే నింద తనిఖీ చేసిన పిల్లల మీద వేయడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది. యువత పాలుపంచుకోవడం వల్ల ఏం ఒరిగిందని అడిగేముందు, వాళ్లు తమ వంతు ముగించి ఇచ్చిన కాగితం ఏ బల్ల మీద ఆగిపోయిందో అడగాలి. సంవాదంలోకి తిరిగి వస్తున్నాను.

అమ్మాయి: న్యాయం కాదు. దానికి విరుగుడు మమ్మల్ని ఇంటికి పంపడం కూడా కాదు. మేం తేల్చినదాని మీద ఇన్ని రోజుల్లో ఏం చేశారో మళ్లీ అదే ఊళ్లో, అదే షామియానా కింద చదవాలని పట్టుబట్టడం. ఇంకొకటి చెప్తా. డబ్బు రాలేదు సరే. ఊరిలో మాదిగ ఇంటి పిల్ల రికార్డు అడిగితే అధికారి తీసిచ్చినాడు. తన పే స్లిప్పులో ఏముందో ఆమె నుంచి తెలుసుకున్న అమ్మ, మరుసటి వారం పనికి పోయి మస్టరు చూపించమన్నది. దీన్ని ఏ వసూలు లెక్కలో వేస్తావు?

చిన్నాయన: వేయలేను. కానీ యువకులకు పని ఇచ్చి చూడటం ఒక్క మీ సొసైటీయే చేయలేదు కదా. 2019లో మన రాష్ట్రంలో వాలంటీర్లను పెట్టినారు. ఊళ్లలో యాభై ఇండ్లకు ఒకరు. దాదాపు 2.6 లక్షల మంది, 5,000 గౌరవ వేతనం. ఒకటో తేదీ తెల్లవారేసరికి ముసలోళ్ల ఇంటికాడికి పోయి పింఛను ఇచ్చినారు. ఇంతమంది యువకులు ఇంతకుముందు ఎప్పుడైనా ప్రభుత్వంలో పనిచేసినారా? నీ లెక్కన అది భాగస్వామ్యమే కావాలి.

అమ్మాయి: ముసలోళ్లకు మేలు జరిగింది. మంచం దిగలేని అవ్వకు ఇంటికాడ పింఛను అందడం చిన్న సంగతి కాదు, దాన్ని నేను తక్కువ చేయను. అయితే ఆ 2.6 లక్షల మందిలో ఏ ఒక్కరినైనా, ఈ యాభై ఇండ్లలో ఎవరికి ఏది ముందు కావాలని అడిగినారా? పై నుంచి వచ్చిన జాబితా పంచడం వాళ్ల పని. జాబితా రాయడంలో చోటు లేదు. గ్రామసభ చేయాల్సిన పని కొంత వాళ్ల ఫోనులోకి పోయింది. 2024 మార్చిలో ఎన్నికల సంఘం వాళ్లను పింఛన్ల పంపిణీకి దూరం పెట్టింది. ప్రభుత్వం మారినాక ఆ వ్యవస్థ కొనసాగలేదు. ఒక పార్టీ మా మనుషులంది, ఇంకో పార్టీ వాళ్ల మనుషులంది. ఊరి మనుషులని ఎవరూ అనలేదు. ఆ పిల్లలు ఐదేళ్లు ఇల్లిల్లూ తిరిగి తెలుసుకున్న సంగతులన్నీ ఏ పంచాయతీ పుస్తకంలోనూ ఎక్కలేదు చిన్నాయనా. నాకు దుఃఖం అదే.

చిన్నాయన: అంటే పని చేయించుకోవడం వేరు, నిర్ణయంలో పాలు ఇవ్వడం వేరు అంటావు.

అమ్మాయి: అవును.

చిన్నాయన: మరి నిర్ణయంలో పాలుకు అనుభవం అక్కర్లేదా? లోక్‌సభకు, శాసనసభకు 25, రాజ్యసభకు 30 అని ఊరికే పెట్టలేదు పెద్దోళ్లు.

అమ్మాయి: ఆ 30 ఎట్లా వచ్చిందో తెలుసా నీకు? 1949 మేలో రాజ్యాంగ సభ ముందుకు వచ్చిన ప్రతిపాదనలో పెద్దల సభకు 35 ఉండింది. దాన్ని 30 చేయాలని సవరణ పెట్టింది మన దుర్గాబాయి. సభ ఒప్పుకుంది. ఆమెకు ఆ మాట చెప్పే హక్కు ఉంది. 1923లో కాకినాడ కాంగ్రెసు జరిగినప్పుడు ఆమెకు 14 ఏళ్లు. ఖద్దరు ప్రదర్శన వాకిట్లో వాలంటీరుగా నిలబెట్టి, టిక్కెట్టు లేనివాళ్లను లోపలికి వదలొద్దన్నారు. నెహ్రూ వచ్చినాడు, టిక్కెట్టు లేదు. ఆమె వదలలేదు. నిర్వాహకులు వచ్చి టిక్కెట్టు కొనిచ్చినాకే పోనిచ్చింది.

చిన్నాయన: ఆ కథ మా బడి పుస్తకాల కాలం నుంచి వింటున్నదే. ఆమె దుర్గాబాయి తల్లీ. ఊరికొకరు అట్లా పుట్టరు.

అమ్మాయి: ఆ వాకిట్లో నిలబడిన రోజు ఆమె దుర్గాబాయి దేశ్‌ముఖ్ కాదు, కాకినాడలో ఒక పిల్ల. ఆ కథ చెప్పినప్పుడు అందరూ ఆమె ధైర్యాన్నే మెచ్చుకుంటారు. నేను నిర్వాహకులను కూడా మెచ్చుకుంటాను. నియమం ఆమె చేతికి ఇచ్చినారు, నెహ్రూ వచ్చినాడని వెనక్కి తీసుకోలేదు. ఆమెను పక్కకు తోసేయకుండా పోయి టిక్కెట్టు కొన్నారు. ఈ రోజు ఏ సభలోనైనా గేటు కాడ నిలబడిన పిల్లకు ఆ అండ దొరుకుతుందా?

చిన్నాయన: దొరకదు. ఎమ్మెల్యే బామ్మర్ది వస్తే గేటే తీసేస్తారు.

అమ్మాయి: పోటీ వయసు సంగతి నాకంత పెద్దది కాదు. పంచాయతీలకు రాజ్యాంగమే 21 చాలన్నది. శాసనసభలకు 18కి తగ్గించొచ్చని 2023లో పార్లమెంటు స్థాయీ సంఘం సిఫార్సు చేసింది, ఎన్నికల సంఘం వద్దన్నది. తగ్గినా తగ్గకపోయినా డబ్బు లేని పిల్లకు టిక్కెట్టు ఎవరిస్తారు? నాకు దానికన్నా కాలేజీ ముఖ్యం. మన రాష్ట్రంలో విద్యార్థి సంఘాల ఎన్నికలు 1980ల చివర్లో ఆగిపోయినాయి. లింగ్డో కమిటీ నియమాలు పెట్టి, అభ్యర్థి ఖర్చు 5,000 దాటకూడదని చెప్పి, 2006లో సుప్రీంకోర్టు అమలు చేయమన్నాక కూడా మా కాలేజీల్లో పెట్టలేదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో జరుగుతాయి, మాకు జరగవు.

చిన్నాయన: ఎందుకు ఆపినారో కూడా చెప్పు. కత్తులు, సైకిల్ చైన్లు తెచ్చినారు. నా ఈడు వాళ్లం మా కళ్లతో చూసినాం.

అమ్మాయి: చట్టసభ ఎన్నికల్లో బాంబులు వేయలేదా మన జిల్లాలో? వాటిని ఆపినారా? పోలీసులను పెట్టి నడిపినారు. పిల్లల ఎన్నికలు మాత్రం మూసేసినారు. ఓడిపోయి ఇంటికి పోవడం, గెలిచినవాడిని మరుసటి రోజు మెస్ బిల్లు లెక్క అడగడం, ఇవి 19 ఏళ్లప్పుడు నేర్చుకోకపోతే ఎప్పుడు నేర్చుకుంటాం?

చిన్నాయన: ఇంకా చిన్నపిల్లలను కూడా తెస్తారు ఇప్పుడు. బాలల గ్రామసభలంట. పంతులు రాసిచ్చింది అప్పజెప్పి కూచుంటారు. ఆ పిల్లలను చూస్తే నాకు జాలేస్తుంది.

అమ్మాయి: పంతులు రాసిస్తే నాకూ జాలే. అట్లా కానివీ ఉన్నాయి. కర్ణాటకలో ఉడుపి జిల్లా కుందాపుర వైపు 1990ల నుంచి మక్కళ పంచాయతీలు, అంటే పిల్లల పంచాయతీలు, నడిచినాయి. పనికిపోయే పిల్లల సంఘం, భీమ సంఘం, దాని వెనక ఉంది. అక్కడ వానాకాలం వాగులు పొంగుతాయి. బడికి పోవాలంటే దుంగలతో వేసిన కాలిబాట వంతెనలు దాటాలి. పెద్దవాళ్లకు అది అలవాటైపోయింది, ఎవరి జాబితాలోనూ ఎక్కలేదు. పిల్లలు సమాచారం పోగుచేసి పంచాయతీ ముందు పెట్టినారు. తమ ఊళ్లకు ఐదేళ్ల ప్రణాళికలు కూడా తయారుచేసినారు. తర్వాత ఆ రాష్ట్రం పంచాయతీలన్నిటిలో పిల్లల గ్రామసభ పెట్టమని ఆదేశాలిచ్చింది. రాజ్యాంగంలో 243(బి) ప్రకారం గ్రామసభ అంటే ఓటర్లు మాత్రమే. బడికి పోయే దారి గురించి ఎక్కువ తెలిసినవాళ్లకు ఆ సభలో చోటు లేదు. వాళ్లకు ఓటు ఇమ్మనడం లేదు నేను, వాళ్ల కాగితం తీసుకోమంటున్నాను.

చిన్నాయన: సరే. ఇంతసేపూ నువ్వు మమ్మల్ని అడిగినావు, మేమేదో పెట్టెలో అధికారం దాచుకున్నట్టు. ఆ పెట్టెలో ఏముందో చెప్తా విను. 14వ ఆర్థిక సంఘం 2015 నుంచి ఐదేళ్లు డబ్బు నేరుగా పంచాయతీలకే ఇచ్చింది. నేను సర్పంచిగా ఉన్న కాలంలో కొంత ఊపిరాడింది. 15వ సంఘం వచ్చినాక నూటికి 60 నీళ్లకు, పారిశుద్ధ్యానికే కట్టేసినారు. మిగిలిన 40లో మా ఇష్టం అన్నారు. ఆ డబ్బును ప్రభుత్వం కరెంటు బకాయిల కింద జమేసుకుందని తర్వాత గెలిచిన సర్పంచులు రోడ్డెక్కలేదా? సర్పంచి చేతిలోనే లేని నిర్ణయంలో నీకు పాలు ఎక్కడి నుంచి ఇయ్యాలి? యువతకు పాలు ఇయ్యండని మాకు చెప్పేవాళ్లు, ముందు పంచాయతీకి పాలు ఇయ్యండని పైవాళ్లకు ఎందుకు చెప్పరు?

అమ్మాయి: ఈ మాటకు నా దగ్గర ఎదురు లేదు. పైగా ఇది నువ్వుగానీ, నీ తర్వాత గెలిచినవాళ్లుగానీ గ్రామసభలో ఎప్పుడూ చెప్పలేదు. కరెంటు బకాయిల కింద ఎంత పోయింది, ఎంత మిగిలింది అని అంకెలతో చదివి ఉంటే ఆ పడుచు పిల్లలే మీ వెనక నిలబడేవాళ్లు. కలెక్టరేటుకు మీతోపాటు వచ్చేవాళ్లు. మీరు లెక్క దాచింది దొంగతనం కోసమే కానక్కర్లేదు. మన చేతిలో ఏమీ లేదని ఊరికి తెలిస్తే పరువు పోతుందని కూడా దాచినారు.

చిన్నాయన: ఉండొచ్చు. ఇంకొకటి అడుగుతా, దీనికి కూడా జవాబు చెప్పు. నీ గ్రామసభకు ఎవరొస్తారు? పగలు పెడితే కూలికి పోయే పిల్లోడు రాడు, రోజు కూలి పోతుంది. బెంగుళూరులో పనికి పోయినోడు రాడు. వచ్చేది ఎవరు? తండ్రికి పొలం, ఇంట్లో బండి ఉన్నోడు. యువత పేరుతో మళ్లీ ఆ నాలుగు ఇండ్లవాళ్లే మాట్లాడతారు. ఆడపిల్లలు అసలే రారు. నువ్వు వచ్చినావంటే మా ఇంటి పిల్లవి కాబట్టి ఎవరూ అడ్డం చెప్పలేదు.

అమ్మాయి: అది నిజమే. తనిఖీలో మాకు రోజుకింతని ఇచ్చేవాళ్లు, తక్కువే, అయినా అది లేకుంటే నాతోపాటు పనిచేసిన సగం మంది వచ్చేవాళ్లు కాదు. గ్రామసభను పొద్దు వాలినాక, పనోళ్లు ఇల్లు చేరినాక పెట్టాలి. ఒకసారి మన బజారులో పెడితే మరుసటిసారి ఎస్సీ కాలనీలో పెట్టాలి. ఆర్నెల్లు పంచాయతీ లెక్క చూసే పని నలుగురు పిల్లలకు అప్పజెప్తే వాళ్ల రోజు కూలి పంచాయతీ ఇయ్యాలి. రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ వాళ్లు పని మాన్పించి పిల్లలను బడికి పంపినప్పుడు, ఇండ్లకు తిరిగి పెద్దోళ్లను ఒప్పించింది ఆ ఊళ్లలోని యువకులే. ఆ ఇండ్లలో మొదటిసారి చదువుకున్నవాళ్లు. ఊరికి వాళ్ల మాట మీద నమ్మకం కుదరడానికి ఏళ్లు పట్టింది. ఒక్క సదస్సుతో కాలేదు.

చిన్నాయన: కూలి పంచాయతీ ఇయ్యాలంటే మళ్లీ ఆ 40లోంచే.

అమ్మాయి: ఆ 40లోంచే. ఎంత పెట్టాలో సభలోనే తేల్చుకుందాం. ఒకటి మాత్రం డబ్బు లేకుండా అయ్యే పని. వచ్చే గ్రామసభలో కొత్త జాబితా తెరిచే ముందు పోయినసారి తీర్మానాలు చదవాలి. ఏది అయింది, ఏది ఆగింది, ఎవరి కాడ ఆగింది. అడిగినవాళ్ల పేర్లతో సహా రాయాలి. నేను అర్జీ రాసిపెట్టినా. పద్దెనిమిది మంది సంతకాలు అయినాయి, అందులో పదకొండు మంది ఆడపిల్లలు.

చిన్నాయన: పోయినసారివి అంటే ఒక్క సభవేనా? నా కాలంలోవి కూడా చదివిస్తావా?

అమ్మాయి: కాలనీ కాలువ తీర్మానం నీ కాలంలోదే చిన్నాయనా. చదివించక తప్పదు.

చిన్నాయన: నువ్వు చెప్పినవన్నీ నేను ఒప్పుకోలేదు. బాలల సభ మీద నాకు ఇంకా నమ్మకం లేదు, కాలేజీ ఎన్నికల మీద అసలే లేదు. కాలువ సంగతి మాత్రం వేరే ఎవరికీ తెలియదు. కొలతలు తీసిన ఎం-బుక్కులో ఒక అంకె ఉంది, నేలమీద కాలువ తిరిగిన దారి ఇంకొకటి. నడుమ ఒకరి పొలం గట్టు అడ్డం వచ్చింది, ఆయన ఎవరో నీకూ తెలుసు, ఆయన మాట కాదనలేక నేనే ఆపినా. ఆ తీర్మానం చదివే రోజు నన్ను ముందుగా పిలువు. ఆ పిల్లోడు అడిగితే బదులు నేనే చెప్తా.

అమ్మాయి: వాడికి చెప్తాను. టేపు కూడా తెమ్మంటాను.